ఆ నవలలు చదవడం మానేయాలా?

ప్రశ్న: పెళ్లయి తొమ్మిదేళ్లు. ఏడాదిగా కొరియా, జపాన్ రచయిత్రుల నవలలు ఇంగ్లిష్ అనువాదాల్లో చదువుతున్నాను. చదివిన ప్రతిసారీ ఇది మా ఇల్లే కదా అనిపిస్తుంది. 'కిమ్ జియంగ్, బార్న్ 1982' మా ఆయనకిచ్చి చదవమన్నాను. నాలుగు రోజులయ్యాక, "అంటే నీకు పిచ్చెక్కిస్తున్నది నేనేనా?" అని బల్ల మీద పడేశారు. ఈ పుస్తకాలే నీ బుర్ర పాడుచేస్తున్నాయంటున్నారు. అప్పట్నుంచి మాటల్లేవు. చదవడం మానేయాలా?

జవాబు: మానొద్దు. మీ కోపాన్ని ఆ నవల రచయిత్రి చో నామ్‌జూ 2016లో రాసి మీ ఇంటికి పంపలేదు, అది తొమ్మిదేళ్లుగా మీ దగ్గరే ఉంది, ఇప్పుడు దానికి మాటలు దొరికాయి.

కానీ ఆ నవలలో ఒకచోటు మళ్లీ చదవండి. చుసోక్ పండక్కి అత్తగారింట్లో చాకిరీ చేసి అలిసిపోయిన జియంగ్ ఉన్నట్టుండి తన తల్లిలా మాట్లాడుతుంది, మీ అమ్మాయి పుట్టింటికొస్తోంది కదా, మా అమ్మాయిని కూడా పంపాలి కదా అని. తన మాటగా అడగలేక తల్లి మాటగా అడిగింది. భర్తకేమో ఈమెకేమైందోనన్న కంగారు, మామగారికేమో మర్యాద తప్పిందన్న కోపం, అడిగింది న్యాయమా కాదా అన్నది గాలికి పోయింది. మీరూ దాదాపు అదే చేశారు, మీకు కావలసింది పుస్తకం చేత అడిగించారు. ఆయనకు మీ అలసట వినపడలేదు, తన మీద నేరం మోపారనే వినపడింది.

ఆ కథ చెప్పే మానసిక వైద్యుడు గుర్తున్నాడా? అంతా విని, అంతా అర్థం చేసుకుని, తన దగ్గర పనిచేసే కౌన్సెలర్ గర్భవతై మానేస్తుంటే, ఈసారి పెళ్లికాని అమ్మాయిని పనిలోకి తీసుకోవాలనుకుంటాడు. ఆ పేజీ దగ్గర నాకు గుండె కలుక్కుమంది, ఎందుకంటే ఎదుటివాళ్ల బాధ అర్థమైతే చాలు, మిగతాది అదే సర్దుకుంటుందని ఈ పనిలో నేనూ చాలాకాలం నమ్మాను. మీ ఆయన నవలంతా చదివి కళ్లనీళ్లు పెట్టుకున్నా, మర్నాడు మీ పని తగ్గకపోవచ్చు. ఆయన చేత చదివించాలన్న పట్టు వదిలేయండి.

ఇంత ఉత్తరం రాశారు గానీ, మీకేం కావాలో ఒక్కచోటా రాయలేదు. చదువుతూ ఎక్కడ ఏడుపొచ్చిందో అక్కడికి వెళ్లి, అది మీ ఇంట్లో ఏ పనిదో, ఎవరి మాటదో కాగితం మీద పెట్టండి. తర్వాత మౌనం మీరే విడవండి: "ఆ పుస్తకం మిమ్మల్ని తిట్టడానికివ్వలేదు, నాకు చెప్పడం రాక ఇచ్చాను." ఆ వెంటనే ఒకే ఒక్కటి అడగండి, ఆదివారం సాయంత్రం రెండు గంటలు ఇల్లు మీరు చూసుకోండి, నేను చదువుకుంటాను అన్నంత చిన్నదైనా సరే. ఒప్పుకోకపోతే మరుసటి వారం మళ్లీ అడగండి.

ఒకవేళ కొరియా రచయిత్రి హాన్ కాంగ్ నవల 'ది వెజిటేరియన్'లో మాంసం మానేసిన కూతురి చెంప మీద తండ్రి కొట్టి నోట్లో మాంసం కుక్కినట్టు మీ ఇంట్లో ఎవరైనా మీమీద చెయ్యి చేసుకుంటుంటే మాత్రం ఈ సలహా అంతా పక్కన పెట్టండి. ముందు మీకు నమ్మకమున్న మనిషికి చెప్పి, ఆ ఇంట్లోంచి బయటికి రండి, తర్వాత నాకు రాయండి.