గేజీ రిజిస్టర్లతో యాసంగి నీటి లెక్క: ముందు కెపాసిటీ టేబుల్ చూడండి

జలాశయం నీటిమట్టం రోజూ రాసే పాత గేజీ రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాం, యాసంగి నీటి విడుదలకు పనికొచ్చే లెక్క ఎలా తీయాలి అని అడిగారు. హనుమకొండలో ఉంటూ కాకతీయ కాలువ నీటి లెక్కలు చూసినవాణ్ని, నాకు తెలిసింది చెప్తాను.

మీ దగ్గరున్న కెపాసిటీ టేబుల్, అంటే ఏ మట్టం దగ్గర ఎంత నీరుంటుందో చెప్పే పట్టిక, ఏ ఏటిదో ముందు చూడండి. గేజీ మీద చదివేది అడుగులు, రైతులకు చెప్పేది టీఎంసీలు (ఒక టీఎంసీ వంద కోట్ల ఘనపుటడుగులు). మధ్యలో ఉన్నది ఆ పట్టికే. కాకతీయ కాలువకు నీరిచ్చే శ్రీరాంసాగర్ జలాశయం కట్టినప్పుడు 1091 అడుగుల దగ్గర 112 టీఎంసీలు. పూడిక పేరుకుని తర్వాతి సర్వేలో 90కి దిగింది, ఇటీవలి లెక్కలో 80.5. పాత పట్టికే పట్టుకుంటే లేని 30 టీఎంసీలు పంచినట్టే. వరంగల్ వైపు మనం కాలువ చివర ఉన్నవాళ్లం, ఆ లోటు మన పొలాల్లోనే తేలుతుంది.

ఇన్‌ఫ్లో, అంటే జలాశయంలోకి వచ్చే నీటి విషయానికొస్తే, చాలా చోట్ల అది నేరుగా కొలిచిన అంకె కాదు. నిల్వలో తేడా, వదిలిన నీళ్లు, ఆవిరి కలిపి వెనక్కి కట్టిన లెక్క. రోజుకు ఒక టీఎంసీ అంటే 11,574 క్యూసెక్కులు (సెకనుకు అన్ని ఘనపుటడుగులు). పెద్ద జలాశయంలో గాలికి గేజీ అంగుళం అటూఇటూ అయినా వేల క్యూసెక్కుల తేడా వస్తుంది, ఒక్కోసారి ఇన్‌ఫ్లో మైనస్‌లోకి పోతుంది. దాన్ని సున్నా చేయకండి. అసలు అంకెను అలాగే ఉంచి, సరిచేసింది పక్క గడిలో పెట్టి, ఎవరు ఎందుకు మార్చారో రాయండి. రీడింగుల వేళలూ కలపాలి: వాన లెక్క ఉదయం 8.30 నుంచి 8.30 వరకు, నీటిమట్టం చాలా చోట్ల ఆరు గంటలకే తీస్తారు.

హద్దు దాటిన వాన అంకెలను కంప్యూటర్ తనంతట తానే కొట్టేసేలా మాత్రం అస్సలు పెట్టొద్దు. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. అది నిజమైన వాన. ఆ వానల్లోనే మోరంచపల్లి మునిగింది. మీ నియమం అలాంటి అంకెను తప్పని తీసేస్తే, వరద వచ్చే చోటే మీ లెక్క గుడ్డిదవుతుంది. పక్క స్టేషన్లతో, వాగు ప్రవాహంతో పోల్చి ఉంచాలో లేదో మనిషే తేల్చాలి.

ఆయకట్టుకు చెప్పే అంకెలోంచి డెడ్ స్టోరేజీ (తూములకు అందకుండా అడుగున ఉండిపోయే నీరు), తాగునీటి వాటా, ఎండాకాలపు ఆవిరి ముందే తీసేయండి. మిగిలిన దానికే తడులు లెక్కేయండి. ఆ పట్టిక ఖరారు చేసేముందు కాలువల మీద నీళ్లు చూసుకునే లష్కర్లను పిలిచి చూపించండి. ఏ తూము దగ్గర గేజీ పలక వంగిపోయిందో, ఏ గేటు పూర్తిగా మూసుకోదో వాళ్లే చెప్తారు.