లావెండర్ రకాలను ఎలా గుర్తుపట్టాలి? ముందు ఆకు చూడండి

మీరు కొన్న రెండు మొక్కల మీదా లావెండర్ అనే రాసి ఉందనీ, కానీ ఒకదాని ఆకు అంచున పళ్ళున్నాయనీ, రెండోదాని ఆకు నున్నగా ఉందనీ అడిగారు. రెండూ లావెండర్లే, జాతులు వేరు. చాలాకాలంగా వీటిని పెంచుతున్నాను కాబట్టి ముందే ఒక మాట: పువ్వు రంగును నమ్ముకోవద్దు. ఒకే జాతిలో ఊదా, తెలుపు, గులాబీ రంగులు వస్తాయి. చీటీ మీది పేరునూ పూర్తిగా నమ్మలేం, ‘ఫ్రెంచ్ లావెండర్’ పేరుతో రెండు వేర్వేరు జాతులు అమ్ముతారు.

ఆకులన్నిటికీ వరుసగా పళ్ళుంటే అది డెంటాటా. కొన్ని ఆకులకే పళ్ళుండి మిగతావి నున్నగా ఉంటే డెంటాటాతో కలిపిన సంకరం అయ్యే అవకాశం ఎక్కువ.

నున్నటి ఆకు మొక్క దగ్గరే అసలు తికమక. కంకి పొట్టిగా, లావుగా ఉండి, కొసన కుందేలు చెవుల్లా రేకులు నిలబడితే అది స్టోకస్. అవి పూరేకులు కావు, పుచ్ఛాలు, అంటే పువ్వుల దగ్గర వచ్చే ఆకుల్లాంటి భాగాలు. అసలు పువ్వులు వాటి కింద చిన్నగా, ముదురు రంగులో ఉంటాయి.

చెవులు లేకపోతే మిగిలేవి ముఖ్యంగా రెండు: అంగుస్టిఫోలియా (ఇంగ్లిష్ లావెండర్ అనేది దీన్నే), లావెండిన్. వీటి దగ్గర చాలామంది పొరబడతారు, ఎందుకంటే లావెండిన్ అంగుస్టిఫోలియాకీ, లాటిఫోలియా అనే ఇంకో లావెండర్ జాతికీ పుట్టిన సంకరం. నేను మొదట పూకాడ చూస్తాను. లావెండిన్ కాడ పొడుగ్గా ఉండి, ప్రధాన కంకికి కింద తరచుగా రెండు పక్క కొమ్మలు వేస్తుంది. అంగుస్టిఫోలియా కాడ పొట్టిది, మామూలుగా కొమ్మలు వేయదు. తర్వాత కంకిలోంచి ఒక పువ్వును మెల్లగా లాగి, దాని కిందున్న పుచ్ఛం చూడండి. అంగుస్టిఫోలియాలో అది వెడల్పుగా, ఎండిన కాగితంలా గోధుమరంగులో ఉంటుంది, లావెండిన్‌లో సన్నగా ఉంటుంది. నాకు అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే.

వాసన కూడా సాయపడుతుంది. నలిపినప్పుడు కర్పూరం ఘాటు తగిలితే లావెండిన్ వైపు మొగ్గండి. అంగుస్టిఫోలియా వాసన తియ్యగా, మెత్తగా ఉంటుంది, పూత కూడా కొన్ని వారాల ముందే వస్తుంది. ఇంకో సంగతి, లావెండిన్‌కి మొలకెత్తే విత్తనాలు రావు, కొమ్మలు నాటే పెంచాలి. ‘గ్రోసో’ లావెండిన్ రకమే, దాని విత్తనాలంటూ ఎవరైనా అమ్మితే కొనకండి.

ఈ తేడా తెలుసుకోవడం పెంపకానికీ అవసరమే. డెంటాటా, స్టోకస్ గట్టి మంచుకి తట్టుకోలేవు. అంగుస్టిఫోలియా చలికి నిలబడుతుంది కానీ ఉక్కపోత వేడిలో వేళ్ళు కుళ్ళి చచ్చిపోతుంది. మీ రెండో మొక్క పూసేదాకా దాన్ని నీళ్ళు నిలవని మట్టిలో, పూర్తి ఎండలో ఉంచండి. పూశాక కాడా, పుచ్ఛమూ కనిపించేలా ఫొటో పెడితే రకం చెప్పగలను.