మస్తిష్కం అంటే మెదడా, మెదడులో భాగమా?

సందేహం: మా పాప పదో తరగతి జీవశాస్త్రంలో ‘మస్తిష్కం మెదడులో ఒక భాగం’ అని చదువుతోంది. నిఘంటువులో మాత్రం మస్తిష్కం అంటే మెదడే అని ఉంది. ఏది ఒప్పు? ‘చిన్నమెదడు చిట్లిపోయింది’ అంటుంటాం, ఆ చిన్నమెదడు ఏది? – ఒక పాఠకురాలు, దిల్‌సుఖ్‌నగర్

సమాధానం: రెండూ ఒప్పే. సంస్కృతంలో మస్తిష్కం అంటే మొత్తం మెదడు. సైన్సు పాఠాలు రాసేవాళ్లకు సెరిబ్రమ్‌కు వేరే మాట కావలసి వచ్చింది. మొత్తం అవయవానికి మన ‘మెదడు’ మాటనే ఉంచి, పైనున్న పెద్ద భాగానికి మస్తిష్కాన్ని ఇచ్చేశారు. ఆలోచన, జ్ఞాపకం, మాట ఎక్కువగా దాని పనులే.

దాని కింద, తల వెనకవైపు ఉండేది సెరిబెల్లమ్. లాటిన్‌లో ఆ మాటకు అర్థమే చిన్నమెదడు. అనుజుడు తమ్ముడైనట్టు ఇది అనుమస్తిష్కం అయింది. చిన్నది కదా అని తీసిపారేయకండి. పరిమాణంలో పదో వంతే అయినా మెదడులోని న్యూరాన్లలో సగానికి పైగా దీంట్లోనే ఉంటాయి. నడక తూలకుండా, చెయ్యి గురి తప్పకుండా చూసేది ఇదే. ఇది దెబ్బతిన్న మనిషి చొక్కా గుండీ పెట్టుకోబోతే వేలు కాజా దాటి పక్కకు పోతుంది. షాకింగ్ వార్త విన్నప్పుడు ‘చిట్లిపోయింది’ అనడం శాస్త్రానికి నిలవదు. అయినా నిక్షేపంగా అనండి. గుండె చెరువైందని ఎవరూ ఈసీజీ తీయించుకోరు కదా!

నాకు ముచ్చటగొలిపే పేరు మజ్జాముఖం. మెదడు అడుగున ఉండి, ఊపిరిని, గుండె వేగాన్ని చూసుకునే మెడుల్లాకు మనవాళ్లు పెట్టిన పేరు. లాటిన్ మెడుల్లా, సంస్కృత మజ్జ, రెండింటికీ అర్థం మూలుగ. దావత్‌లో పళ్లానికి తట్టి జుర్రుకునే మూలుగ బొక్కలోది! తమిళంలో మెదడును మూళై అంటారు, అది మన మూలుగకు తోబుట్టువు. కన్నడ మెదుళు మాత్రం మన మెదడు వైపు చుట్టం.

మన నగరంలో దిమాక్, భేజా కూడా తిరుగుతుంటాయి. రెండూ ఒకటే అనుకుంటాం గానీ, హోటల్లో దిమాక్ ఫ్రై ఎవరూ అడగరు. ఖరాబయ్యేది దిమాక్, పెనం మీద వేగేది భేజా.

పాపకు ఇంట్లో పెద్దమెదడు, చిన్నమెదడు అనే చెప్పండి, చప్పున ఎక్కుతుంది. పరీక్షలో మాత్రం పుస్తకంలో ఉన్నట్టే రాయమనండి.