కంటైనర్‌లో పట్టని 28 టన్నుల స్టీల్ స్ట్రక్చర్‌ని ఓడలో విదేశానికి ఎలా పంపాలి?

మీ ప్రశ్న ప్రకారం మీ స్కిడ్ (యంత్రాలు బిగించే ఉక్కు చట్రం) పొడవు 14 మీటర్లు, వెడల్పు 3.6, ఎత్తు 3.2, బరువు 28 టన్నులు. ఫార్వర్డర్లు (సరుకు రవాణా ఏర్పాటు చేసే ఏజెంట్లు) ఒక్కొక్కరు ఒక్కో రేటు చెబుతున్నారు, ఫ్లాట్ ర్యాక్ (పక్క గోడలు, పైకప్పు లేని కంటైనర్) మేలా, బ్రేక్‌బల్క్ (కంటైనర్ లేకుండా సరుకుని నేరుగా ఓడలో పెట్టడం) మేలా అని అడిగారు. నేను చేసేది ఇదే పని, ప్రాజెక్ట్ కార్గో, అంటే ఇలాంటి భారీ సరుకు పంపించడం. నా మాట వింటే రేట్ల సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు అది దిగే చోటు గురించి కనుక్కోండి. ఆ పోర్టులో అంత బరువెత్తే క్రేన్ ఉందా, లేదంటే ఓడకే సొంత క్రేన్లు ఉండాలా, గేటు దాటాక సైట్ దాకా 3.6 మీటర్ల వెడల్పు పట్టే రోడ్డు ఉందా, మధ్యలో వంతెనలు, కరెంటు తీగలు ఏ ఎత్తులో ఉన్నాయి, పర్మిట్‌కి ఎంత టైం పడుతుంది... సముద్రం దాటడం కంటే ఈ చివరి ముక్కే ఎక్కువ టెన్షన్ పెడుతుంది, కొన్నిసార్లు ఏ పోర్టుకి పంపాలన్నది కూడా దీన్నిబట్టే మారిపోతుంది.

ఇక ఫ్లాట్ ర్యాక్. మీ సరుకు బరువు దానికి సమస్య కాదు, 40 అడుగుల ఫ్లాట్ ర్యాక్‌లు చాలావరకు 40 టన్నుల దాకా మోస్తాయి, బరువు ఒకే చోట పడకుండా పరిస్తే చాలు. సమస్యంతా కొలతలదే. దాని వెడల్పు 2.44 మీటర్లే కాబట్టి మీ స్కిడ్ రెండు పక్కలా 58 సెంటీమీటర్ల చొప్పున బయటికి వస్తుంది, పొడవు కూడా 12.19 మీటర్లు దాటిపోయింది. అంటే చుట్టుపక్కల స్లాట్లలో వేరే కంటైనర్ పెట్టడం కుదరదు, ఆ ఖాళీ స్లాట్ల డబ్బు కూడా మీ దగ్గరే వసూలు చేస్తారు. అందుకే మీ సైజుకి బ్రేక్‌బల్క్ గానీ, ఆ రూట్‌లో దొరికితే రోరో ఓడ (వాహనాలు నేరుగా లోపలికి వెళ్లే ఓడ) గానీ చూడమంటాను. రోరోలో ఓడలోకి క్రేన్‌తో ఎత్తే పని ఉండదు, చక్రాల ట్రెయిలర్ మీద పెట్టి ర్యాంప్ గుండా లోపలికి లాగేస్తారు, ఎండావానా తగలవు. డిజైన్ ఇంకా ఫైనల్ కాకపోతే మాత్రం బోల్టులతో విడగొట్టే వీలుందేమో మీ ఇంజినీర్‌ని తప్పకుండా అడగండి.

రేట్లు అంత తేడాగా ఎందుకున్నాయంటే, బహుశా అందరూ ఒకే పనికి చెప్పి ఉండరు. ఒకరి రేటులో లోడింగ్, లాషింగ్ (సరుకు కదలకుండా ఓడకి కట్టడం), దించడం అన్నీ కలిసి ఉంటాయి, ఇంకొకరిది ఒట్టి ఓడ కిరాయి. ఎవరి ఖర్చు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాతపూర్వకంగా తీసుకున్నాకే పోల్చండి. బ్రేక్‌బల్క్‌లో మామూలుగా టన్ను, ఘనపు మీటరు రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. మీ స్కిడ్ 28 టన్నులే అయినా 161 ఘనపు మీటర్లు వస్తుంది, కాబట్టి బిల్లు 161కే. పక్కకి ఒక చిన్న బ్రాకెట్ 30 సెంటీమీటర్లు పొడుచుకొచ్చినా దాన్ని కూడా కలుపుకునే మొత్తం పెట్టె కొలతే తీసుకుంటారు, దాంతో ఇంకో 13 ఘనపు మీటర్లు పెరుగుతుంది! అలాంటివి, నిచ్చెనలు, హ్యాండ్‌రెయిల్స్ విప్పి విడిగా ప్యాక్ చేయించండి.

డ్రాయింగ్ విషయంలో అస్సలు రాజీ పడొద్దు. బయటి కొలతలు, అసలు బరువు, గరిమనాభి (బరువు కేంద్రం, సెంటర్ ఆఫ్ గ్రావిటీ), లిఫ్టింగ్ లగ్గులు (ఎత్తడానికి క్రేన్ తగిలించే కొక్కేల చోట్లు), లాషింగ్ పాయింట్లు అన్నీ అందులో ఉండాలి. ఒక లోడింగ్‌లో నేను దగ్గరుండి చూశాను: మోటారు, గేర్‌బాక్స్ ఒక చివరే ఉన్నా డ్రాయింగ్‌లో గరిమనాభి సరిగ్గా నడిమధ్యన గీసి పంపారు. క్రేన్ జానెడు ఎత్తిందో లేదో మోటారు వైపు కిందే ఉండిపోయి రెండో చివర పైకి లేచింది, ఆపరేటర్ వెంటనే దించేశాడు. స్లింగులు (ఎత్తే తాళ్లు) విప్పి, రెండో వైపు పొడవు మార్చి మళ్లీ కట్టేదాకా ఓడ, క్రేన్, గ్యాంగ్ అందరూ ఆగారు. అలా ఆగిన టైంకి బిల్లు వేస్తారండి. గరిమనాభి గుర్తు స్ట్రక్చర్ మీద కూడా నాలుగు పక్కలా పెయింట్‌తో వేయించండి.

లాషింగ్ పాయింట్లు ఫ్యాబ్రికేషన్‌లోనే వెల్డ్ చేయించాలి, లేకపోతే డెక్ మీద వాళ్లకి దొరికిన పైపుకి గొలుసు చుట్టేస్తారు. గట్టి సముద్రంలో పక్కకి తోసే బలం సరుకు బరువులో 80 శాతం దాకా లెక్కేస్తారు, మీకైతే అది 22 టన్నులకు పైనే. ఇనుము మీద ఇనుము ఇట్టే జారుతుంది కాబట్టి అడుగున కలప గానీ రబ్బరు మ్యాట్ గానీ ఉండాలి. ఆ కలపకి ఐఎస్‌పీఎం 15 ముద్ర (పురుగులు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు) ఉందో లేదో చూసుకోండి, ముద్ర లేకపోతే అవతలి దేశం సరుకునే ఆపేయొచ్చు.

డెక్ మీద పెడతారా, హోల్డ్‌లోనా (ఓడ లోపలి సరుకు గదిలోనా) అన్నది బుకింగ్‌లోనే రాయించుకోండి. డెక్ అయితే ఆ మాట ఇన్సూరెన్స్ కంపెనీకి ముందే చెప్పి పాలసీలో చేర్పించాలి, ఎందుకంటే డెక్ సరుకు రిస్క్ షిప్పర్‌దేనని, అంటే పంపేవాళ్లదేనని ఓడ వాళ్లు సాధారణంగా బిల్ ఆఫ్ లేడింగ్‌లో (సరుకు తీసుకున్నట్టు ఇచ్చే రవాణా పత్రంలో) రాస్తారు. ఇన్సూరెన్స్ మాత్రం మానొద్దు. ఓడ ప్రమాదంలో పడి జనరల్ యావరేజ్ (ఓడని కాపాడటానికైన నష్టాన్ని సరుకు యజమానులందరూ పంచుకోవడం) ప్రకటిస్తే, మీ సరుకుకి గీత కూడా పడకపోయినా మీ వాటా గ్యారంటీ ఇచ్చేదాకా వదలరు, పాలసీ ఉంటే ఆ గ్యారంటీ ఇన్సూరెన్స్ వాళ్లే ఇస్తారు. లోడింగ్ రోజున సొంత సర్వేయర్‌ని (సరుకు స్థితిని తనిఖీ చేసే నిపుణుణ్ని) పెట్టుకుని, ఎత్తేముందు, లాషింగ్ అయ్యాక ఫొటోలు తీయించండి.

దిగే పోర్టు పేరు, డ్రాయింగ్‌లో ఉన్న కొలతలు ఇక్కడ పెడితే, ఏ రకం ఓడ అడగాలో ఇంకాస్త కచ్చితంగా చెబుతాను.