అమ్మాయ్, ముందు ఫైలు కట్టు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. డాబా మీద బోర్లించిన స్టీలు గిన్నెల మీద వేలితో గీస్తే గీత పడేంత బూడిద. విజయవాడ పక్కనున్న మీ ఇబ్రహీంపట్నం కాలనీకి ఒకపక్క రాళ్లు కొట్టే క్రషర్లు, ఇంకోపక్క థర్మల్ కేంద్రం బూడిద లారీల రోడ్డు, వెనకాల చెత్త తగలబెట్టే గుంట. ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు. "ఎవర్ని అడగాలి పెదనాన్నా?" అని రాశావు. వకీలు గుమాస్తాగా కోర్టు కాగితాల మధ్యే బతికినవాణ్ణి, నాకు తెలిసిన దారి చెబుతాను.

ముందు అసలు చిక్కేమిటో చూడు. 1974 నీటి చట్టం, 1981 గాలి చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి ఒక్కో యూనిట్‌కి విడిగా అనుమతి ఇస్తుంది, విడిగానే తనిఖీ చేస్తుంది. క్రషర్ యజమాని తన దుమ్ము పరిమితిలోనే ఉందంటాడు. లారీల వాళ్లు టార్పాలిన్ కప్పే తోలుతున్నామంటారు. కాగితం మీద ఇద్దరి మాటా నిజమే కావచ్చు. పిల్లలు మాత్రం అన్నీ కలిపి పీలుస్తున్నారు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం సరిగ్గా దీనికోసమే 2020లో చట్టం చేసింది. పేద కుటుంబాలు కనీసం 35 శాతం ఉన్న పేటల్నీ, మైనారిటీలు 40 శాతం ఉన్న పేటల్నీ, ఇంగ్లీషు సరిగా రాని ఇళ్లు 40 శాతం ఉన్న పేటల్నీ ముందే గుర్తిస్తారు. అక్కడికి కొత్తగా చెత్త దహన కేంద్రం లాంటిది వస్తానంటే, ఆ పేట ఇప్పటికే మోస్తున్న భారంతో కలిపి లెక్కేస్తారు. మిగతా ఊళ్లకంటే ఎక్కువని తేలితే, ఆ పేట జనానికే తప్పనిసరి అవసరమైతే తప్ప, అనుమతి నిరాకరించాల్సిందే. మనకు అలాంటి చట్టం లేదు. రావాలి, అడగాలి కూడా. వచ్చేదాకా ఉన్నవాటితోనే పని జరిపించుకోవాలి.

ఉన్నవి తక్కువేం కాదు. కాలుష్యం లేని గాలి, నీరు రాజ్యాంగం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనని 1991లోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో గాలి ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. ప్రభుత్వమే ఒప్పుకున్న మాట అది. అర్జీలో మొదటి పేరాలోనే పెట్టు.

ఇప్పుడు ఫైలు. ఒక నోటుపుస్తకం తీసి తేదీ, టైము, గాలి ఎటు వీస్తోంది, ఏం వాసన, ఎవరికి ఆయాసం వచ్చింది, అన్నీ రాయి. ఆసుపత్రి ఓపీ చీటీలు పారెయ్యొద్దని ఇంటింటికీ చెప్పు. చుట్టూ ఉన్న ప్రతి యూనిట్ అనుమతి పత్రం, షరతులు, తనిఖీ నివేదికలు సమాచార హక్కు కింద అడుగు. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. షరతుల కాగితం చేతికొచ్చాక రోడ్డు మీదికి వెళ్లి చూడు. రోజూ నీళ్లు చల్లాలని ఉంటుంది, చల్లరు. ఆ తేడాయే నీ కేసు. సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇచ్చినా, మండలి ఆఫీసులో ఇచ్చినా రిసీవ్డ్ స్టాంపు లేకుండా బయటికి రావద్దు. ధర్నా వద్దనను గానీ, ఫైలు లేని ధర్నా మర్నాడు పేపర్లో ఫొటోతో సరి.

కొత్త ఫ్యాక్టరీ సంగతి ఇంకా ముఖ్యం. పర్యావరణ ప్రభావ అంచనాకు కేంద్రం ఇచ్చిన 2006 నోటిఫికేషన్ కింద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టాల్సిన రకమైతే కనీసం 30 రోజుల ముందు పేపర్లో ప్రకటన వేయాలి. ఆ ప్రభావ అంచనా నివేదిక సారాంశం తెలుగులో దొరకాలి. ఆ రోజు మైకు కోసం తోసుకోకండి. అభ్యంతరాలు ముందే రాసి ఇవ్వండి. దరఖాస్తు ఫారం-1లో తొమ్మిదో అంశం చూడు, చుట్టుపక్కల ఇప్పటికే ఉన్నవాటితో కలిపి ఎంత ప్రభావమో చెప్పమంటుంది. చాలామంది యాజమాన్యాలు అక్కడ ఒక్క ముక్క రాసి వదిలేస్తాయి. మీరు అడగాల్సింది అదే: క్రషర్లు, బూడిద, చెత్త పొగ, మీ ఫ్యాక్టరీ, నాలుగూ కలిపితే మా గాలి ఏమవుతుంది? సభ చివర మినిట్స్ తెలుగులో చదివి వినిపించాలి. మీ ప్రశ్న అందులో లేకపోతే అక్కడే లేచి రాయించండి.

గడువులు మరిచిపోకు. పర్యావరణ అనుమతి వచ్చేస్తే దానిమీద చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ (పర్యావరణ కేసుల కోర్టు) దక్షిణ బెంచికి 30 రోజుల్లో అప్పీలు చెయ్యాలి. సరైన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు, అంతే. మిగతా వివాదాలకు ఆరు నెలలు, నష్టపరిహారానికి అయిదేళ్లు. విశాఖలో 2020 మే 7న స్టైరీన్ వాయువు లీకైతే ఆ ట్రిబ్యునల్ తనంతట తానే కేసు తీసుకుని మర్నాడే ఆ కంపెనీని రూ.50 కోట్లు డిపాజిట్ చెయ్యమంది. నెమ్మదిగా చంపే దుమ్ముకి అంత తొందర ఎవరూ పడరమ్మా. అందుకే గడువు మీరే కాచుకోవాలి. లాయరు ఫీజుకి భయపడకు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. అర్జీ నీ పేరుతో పెట్టమనేది అందుకే.

ఒక్క మాట. మీ కాలనీలో సగంమంది ఆ క్రషర్లలోనే కూలికి వెళ్తారు. "మూయించండి" అని మొదలుపెడితే ముందు వాళ్లే మీకు ఎదురు తిరుగుతారు. నీళ్లు చల్లమనండి, లారీలకు వేరే రోడ్డు అడగండి, కూలీలకు మాస్కులు, ఛాతీ పరీక్షలు అడగండి. అప్పుడు వాళ్లూ సంతకం పెడతారు. లోపల ఏం జరుగుతుందో వాళ్లకంటే బాగా తెలిసినవాళ్లు ఎవరూ లేరు.

పేపర్లో ప్రకటన పడిన రోజే కటింగ్ నాకు వాట్సాప్ చెయ్యి. అభ్యంతరాల కాగితం ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ పెదనాన్న