మీ ప్రశ్నలు – మా జవాబులు: రంగు మారే సంగీత నోట్లు

ప్రశ్న: మా చర్చి కోయిర్ కోసం నాలుగు గొంతుల పాటను మ్యూజ్‌స్కోర్ 4లో (సంగీతాన్ని గీతల మీద నోట్లుగా రాసే సాఫ్ట్‌వేర్) ఎక్కిస్తున్నాను. సొప్రానో (ఆడగొంతుల్లో పైది), ఆల్టో (కిందిది) ఒకే స్టాఫ్ (అయిదు గీతల వరుస) మీద పెట్టాను. ఆల్టోలో కింది నోట్లు కొన్ని ఎర్రగా, కొన్ని ముదురు పసుపుగా కనబడుతున్నాయి. నేను తప్పు రాశానా? ప్రింటులో కూడా ఇలాగే వస్తుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ప్రింటులో రాదు, పీడీఎఫ్‌లోనూ రాదు. ఆ రంగులు తెర మీద మాత్రమే కనిపించే హెచ్చరిక. ప్రతి వాయిద్యానికీ, ప్రతి గొంతుకీ మ్యూజ్‌స్కోర్ దగ్గర రెండు హద్దులు ఉంటాయి. ఔత్సాహికుల హద్దు దాటితే నోటు ముదురు పసుపు అవుతుంది, వృత్తి గాయకుల హద్దు కూడా దాటితే ఎరుపు అవుతుంది.

అసలు చిక్కు ఎక్కడంటే, ఈ హద్దును వాయిస్‌ని (ఒకే స్టాఫ్ మీద విడివిడిగా రాసే నాలుగు వరుసల్లో ఒకటి) బట్టి చూడరు, స్టాఫ్‌కి ఇచ్చిన వాయిద్యాన్ని బట్టి చూస్తారు. మీ పై స్టాఫ్‌కి సొప్రానో అని ఇచ్చి ఉంటారు. సొప్రానో పరిధి సుమారుగా మిడిల్ సి (పియానో నడుమ ఉండే సి స్వరం) దగ్గర మొదలవుతుంది. ఆల్టో దాని కిందికి బి, ఏ, జి దాకా హాయిగా దిగుతుంది. ఆ నోట్లు రెండో వాయిస్‌లో ఉన్నా, సాఫ్ట్‌వేర్ వాటిని సొప్రానో కొలతతోనే చూస్తుంది. అంటే మీ రాత సరైనదే, స్టాఫ్‌కి పెట్టిన పేరే సరిపోలేదు.

స్టాఫ్‌లో ఖాళీ చోట రైట్ క్లిక్ చేసి, స్టాఫ్/పార్ట్ ప్రాపర్టీస్ తెరిచి, రీప్లేస్ ఇన్‌స్ట్రుమెంట్ నొక్కి, గాత్రాల జాబితాలో ‘విమెన్’ ఎంచుకోండి. టెనర్, బేస్ (మగగొంతుల్లో పైది, కిందిది) కలిసిన కింది స్టాఫ్‌కి ‘మెన్’ ఇవ్వండి. స్టాఫ్ పేరు మారిపోతే అదే పెట్టెలో మళ్లీ టైపు చేసుకోవచ్చు. వాయిద్యం మార్చడం ఇష్టం లేకపోతే, అక్కడే ఉన్న యూజబుల్ పిచ్ రేంజ్‌లో కింది హద్దును మీ ఆల్టోలు పాడగలిగినంత వరకు దించండి.

ఎడిట్, ప్రిఫరెన్సెస్, నోట్ ఇన్‌పుట్‌లోకి వెళ్లి, పరిధి దాటిన నోట్లకు రంగు వేసే గడిలో టిక్ తీసేస్తే రంగులన్నీ ఒకేసారి పోతాయి. కానీ మేం ఆ సలహా ఇవ్వం. రేపు టెనర్‌కి నిజంగానే అందని నోటు పడితే చెప్పే దిక్కుండదు.

ప్రశ్న: టెనర్‌ని విడి స్టాఫ్‌గా పెట్టి మామూలు ట్రెబుల్ క్లెఫ్‌లో (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తు) రాశాను. సగం నోట్లు ఎరుపు. ప్లే చేస్తే ఆడగొంతు ఎత్తులో వినిపిస్తోంది.

జవాబు: ఇక్కడ హెచ్చరిక నిజమే. టెనర్‌కి వాడేది కింద 8 అంకె ఉన్న ట్రెబుల్ క్లెఫ్, అది రాసినదానికి ఒక ఆక్టేవ్ (స నుంచి పై స దాకా ఉండే దూరం) కింద పలుకుతుంది. మీ నోట్లన్నీ ఒక ఆక్టేవ్ పైన పడ్డాయి. ముందు పాలెట్‌లోంచి 8 ఉన్న క్లెఫ్‌ని లాగి స్టాఫ్ మొదట్లో ఉన్న క్లెఫ్ మీద వేయండి. క్లెఫ్ మార్చితే పలికే స్వరం మారదు, కాబట్టి నోట్లన్నీ ఒక్కసారిగా స్టాఫ్ పైకి ఎగురుతాయి. కంగారుపడకండి. టెనర్ వరుసంతా ఎంచుకుని కంట్రోల్ + డౌన్ యారో ఒక్కసారి నొక్కితే ఒక ఆక్టేవ్ దిగి, మొదట రాసిన గీతల మీదికే వస్తాయి. ఎరుపూ పోతుంది.

ప్రశ్న: రిహార్సల్ కాపీలో ఆల్టో వరుస ఒక్కటే నీలంగా అచ్చు వేయాలి. కలర్ నోట్స్ ప్లగిన్ (నోట్లకు రంగులు వేసే చిన్న అదనపు ప్రోగ్రామ్) నడిపితే రెండు గొంతులకీ రంగులు పడ్డాయి. మళ్లీ నడిపితే కొన్ని నల్లగా, కొన్ని రంగుగా మిగిలాయి.

జవాబు: ఆ ప్లగిన్ వాయిస్‌లను పట్టించుకోదు. స్వరం ఏదో చూసి దానికి కేటాయించిన రంగు వేస్తుంది, నాలుగు వాయిస్‌లకూ వేస్తుంది. పైగా అది ప్రతి నోటునీ తిరగేస్తుంది: నల్లగా ఉంటే రంగు, రంగు ఉంటే నలుపు. మధ్యలో మీరు కొత్త నోట్లు చేర్చి ఉంటే అవి నల్లగా ఉన్నాయి కాబట్టి, రెండోసారి వాటికి రంగు పడి, పాతవి నల్లబడ్డాయి. ముందు కంట్రోల్ + ఏ నొక్కి, ప్రాపర్టీస్ పానెల్‌లో అపియరెన్స్ కింద రంగు నలుపు చేసి శుభ్రం చేసుకోండి.

ఆ తర్వాత ఎఫ్6 నొక్కితే సెలెక్షన్ ఫిల్టర్ తెరుచుకుంటుంది. అందులో వాయిస్ 1 టిక్ తీసేయండి. ఇప్పుడు మొదటి బార్ (స్టాఫ్‌లో నిలువు గీతల మధ్య గడి) మీద క్లిక్ చేసి, షిఫ్ట్ పట్టుకుని చివరి బార్ మీద క్లిక్ చేస్తే ఆ స్టాఫ్‌లో రెండో వాయిస్ మాత్రమే ఎంపికవుతుంది. ప్రాపర్టీస్‌లో నీలం ఇవ్వండి. పని కాగానే ఫిల్టర్‌లో టిక్ మళ్లీ పెట్టండి. మరిచిపోతే తర్వాత చేసే ప్రతి కాపీ, ప్రతి డిలీట్ సగంసగం పనిచేసి తల తినేస్తాయి.

ఇదంతా ఆల్టో నిజంగా రెండో వాయిస్‌లో ఉంటేనే కుదురుతుంది. ఒక ఆల్టో నోటు మీద క్లిక్ చేసి చూడండి. ఎంపిక రంగు నీలమైతే వాయిస్ 1, ఆకుపచ్చ అయితే 2, నారింజ 3, ఊదా 4. నీలం వచ్చిందంటే రెండు గొంతులూ ఒకే కార్డ్‌గా (కలిసి పలికే నోట్ల గుంపు) పడ్డాయన్నమాట. కంట్రోల్ పట్టుకుని కింది నోట్లను ఒక్కొక్కటే ఎంచుకుని, పైన టూల్‌బార్‌లోని 2 బటన్ నొక్కండి, స్టెమ్‌లు (నోట్లకుండే నిలువు గీతలు) వాటంతటవే కిందికి తిరుగుతాయి. ఈ క్లిక్ రంగులు కూడా అచ్చులో రావు.

సొప్రానో, ఆల్టో ఒకే స్వరం పాడే చోట రెండు నోట్‌హెడ్‌లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి కాబట్టి రంగు కనబడకపోవచ్చు. అలాంటి చోట్ల ఫిల్టర్‌లో వాయిస్ 1ని కూడా చేర్చి, ఆ ఒక్క నోటు వరకు రెండింటికీ నీలం ఇవ్వండి.

ప్రశ్న: రెండో వాయిస్‌లో అక్కర్లేని రెస్ట్‌లు (పాడకుండా ఆగే చోటును చూపే గుర్తులు) కనిపిస్తున్నాయి. దాచితే బూడిదరంగులో మిగులుతున్నాయి.

జవాబు: రెండు, మూడు, నాలుగు వాయిస్‌ల రెస్ట్‌లను దాచనవసరం లేదు, ఎంచుకుని డిలీట్ కొట్టండి. మొదటి వాయిస్ రెస్ట్ అలా పోదు. దాన్ని ఎంచుకుని వి అక్షరం నొక్కి దాచాలి. ఆ బూడిదరంగు తెర మీదే, అచ్చులో రాదు. అదీ కనబడకూడదంటే వ్యూ మెనూలో షో ఇన్‌విజిబుల్ టిక్ తీసేయండి.