హిమోగ్లోబిన్ బాగానే ఉందని ఆగిపోకండి, ఫెరిటిన్ కూడా చేయించండి

మీ అమ్మాయి హిమోగ్లోబిన్ 12.4, నార్మల్ అన్నారు, అయినా 1500 మీటర్ల టైమింగ్ పడిపోతోంది, ఐరన్ టెస్టు ఎంతకోసారి చేయించాలి అని అడిగారు. చదువుతుంటే నాకు నా పందొమ్మిదో ఏడు గుర్తొచ్చింది.

అప్పుడు నేను 800 మీటర్లు పరిగెత్తేదాన్ని. ప్రాక్టీసులో మూడో రౌండు దాకా బాగానే ఉండేది, నాలుగో దానికి తొడలు బరువెక్కి కాళ్ళు లేచేవి కావు. మెట్లెక్కినా గుండె దడదడలాడేది. హిమోగ్లోబిన్ 12.6. ఆడవాళ్ళలో 12 కంటే తగ్గితేనే రక్తహీనత అంటారు కాబట్టి రిపోర్టు చూసినవాళ్ళంతా ఏమీ లేదన్నారు. బద్ధకం అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాటకు ఎన్ని రాత్రులు ఏడ్చానో! మీ అమ్మాయిని ఎవరూ అలా అనకుండా చూసుకోండి. ఐదు నెలల తర్వాత ఒక డాక్టరు ఫెరిటిన్ రాస్తే 9 వచ్చింది.

ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది ఫెరిటిన్. ముందు నిల్వ కరిగిపోతుంది, హిమోగ్లోబిన్ చివర్లో పడుతుంది. 15 లోపు వస్తే నిల్వ అడుగంటినట్టే. ఆటలాడే అమ్మాయిల్లో 30, 35 దగ్గరే జాగ్రత్తపడే స్పోర్ట్స్ డాక్టర్లు చాలామంది ఉన్నారు. నెలసరిలో పోయేది ఎలాగూ ఉంది. పరుగులో పాదాల తాకిడికి ఎర్రరక్తకణాలు కొన్ని చితికిపోతాయి. పైగా గట్టి ప్రాక్టీసు తర్వాత కొన్ని గంటలు హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, పేగులు ఐరన్‌ను సరిగా తీసుకోనివ్వదు.

టెస్టు ఆరు నెలలకోసారి చాలు. ఒకసారి తక్కువ వచ్చినా, నెలసరిలో రక్తస్రావం ఎక్కువైనా మూడు నెలలకోసారి చేయించండి. టెస్టుకు రక్తం ఎప్పుడు ఇస్తున్నారన్నది మాత్రం చాలా ముఖ్యం. నేను ఒకసారి జ్వరం తగ్గిన నాలుగో రోజే టెస్టుకు రక్తం ఇచ్చాను. ఫెరిటిన్ 52 చూసి సంబరపడి, వేసుకుంటున్న ఐరన్ మాత్రలు ఆపేశాను. నెల తర్వాత చూస్తే 18! ఇన్ఫెక్షన్ ఉన్నా, ఒంట్లో వాపు ఉన్నా ఫెరిటిన్ పైకి లేస్తుంది, అసలు నిల్వ పెరిగినట్టు కాదు. అందుకే ఇప్పుడు ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే సీఆర్‌పీ, రక్తంలో ఐరన్‌ను మోసే ప్రోటీన్ ఎంత శాతం నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్ కూడా కలిపి చేయించుకుంటాను. ముందురోజు గట్టి ప్రాక్టీసు పెట్టుకోను, ఉదయాన్నే, ప్రతిసారీ అదే ల్యాబ్‌లో ఇస్తాను. నోట్‌బుక్‌లో అంకె పక్కనే నెలసరి ఎన్నో రోజు, ముందురోజు ఏం చేశాను, జలుబు ఉందా అని రాసుకుంటాను. ఒక్క రిపోర్టు కంటే ఆ వరుసే నాకు ఎక్కువ చెప్పింది.

మాత్రలు మాత్రం సొంతంగా మొదలుపెట్టొద్దు, ఐరన్ ఎక్కువైనా ప్రమాదమే. నాకు రోజు విడిచి రోజు ఇచ్చారు. అలా వేసుకుంటే ఒక్కో మాత్ర నుంచి ఒంటికి పట్టేది ఎక్కువట, నాకైతే కడుపునొప్పి కూడా తగ్గింది. మొదలుపెట్టాక ఎనిమిది నుంచి పన్నెండు వారాలకు మళ్ళీ చూపించండి. రెండు వారాలకే టైమింగ్ మారలేదని అమ్మాయి టెన్షన్ పడొచ్చు. నాకు నాలుగో రౌండులో కాళ్ళు తేలికపడటానికి దాదాపు మూడు నెలలు పట్టింది.